‘వద్దండి’ అంటే మా వైపు వినపడదు

(డిసెంబరు చివరి ఆదివారం పశ్చిమ గోదావరి జిల్లాలో, మద్యం మానేసినవారికీ వారి కుటుంబాలకూ ఏర్పాటైన సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగం. వారి కోరిక మేరకు పేరు ఇవ్వడం లేదు.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ బోలెడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మొదటి వరసలో కూర్చుంటే తాగుబోతు అనుకుంటారేమోనని భయం వద్దు. ఈ హాల్లోకి వచ్చాక ఇంక దాచేదేముంది? (నవ్వులు)

నేను ఆఖరిసారి తాగింది 2014 మార్చిలో. పదకొండేళ్ల తొమ్మిది నెలలైంది. గొప్ప కోసం చెప్పట్లేదండి. అందులో పదకొండు సంక్రాంతులు ఉన్నాయి, అందుకోసం చెబుతున్నాను. ఇంకో రెండు వారాల్లో పన్నెండోది వస్తోంది. ఇన్నేళ్ల తర్వాత కూడా క్యాలెండర్‌లో జనవరి కాగితం తిప్పితే నాకు కొంచెం టెన్షన్ ఉంటుంది. ఉండాలి కూడా.

మామూలు రోజుల్లో మానేసి ఉండటం వేరు. పొద్దున్నే పని, సాయంత్రం ఇల్లు, వారానికోసారి మీటింగు. రోజుకో చట్రం ఉంటుంది. డిసెంబర్ 31 రాత్రి ఆ చట్రం ఊడిపోతుంది. అక్కణ్నుంచి ముక్కనుమ దాకా మనకి పదిహేడు, పద్దెనిమిది రోజుల సీజను. నిద్ర వేళలు మారిపోతాయి, తిండి వేళలు మారిపోతాయి, ఇంట్లో పడుకునేవాడు ఎవరింట్లోనో చాప మీద పడుకుంటాడు, జేబులో డబ్బులుంటాయి, హైదరాబాద్ నుంచి వచ్చిన పాత స్నేహితులు ఉంటారు. తాగడానికి మనం సాకు వెతుక్కోనక్కర్లేదు. సాకే మన ఇంటికొచ్చి తలుపు కొడుతుంది.

నా కథ ఒకటి చెబుతాను. 2013 ఆగస్టులో నేను మొదటిసారి మానేశాను. మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి వచ్చాను. ఐదు నెలలు చుక్క ముట్టలేదు. వినాయక చవితి దాటింది, దసరా దాటింది, దీపావళి దాటింది. ఇంక నాకేం కాదనుకున్నాను. సంక్రాంతికి కోనసీమలో మా అత్తారింటికి వెళ్లాం. నేను పాత అల్లుణ్ణే. కానీ ఆ ఏడాది మా చిన్న మరదలికి పెళ్లైంది, కొత్తల్లుడు వచ్చాడు, ఇల్లంతా మర్యాదల హడావిడి. ఆ మర్యాదల్లో నాకూ వాటా వచ్చింది.

భోగి రాత్రి మావయ్యగారు పడుకున్నాక మా బావమరిది మేడ మీద కుర్చీలు వేశాడు. ఐసు, జీడిపప్పు, కోడి వేపుడు, అన్నీ అమర్చాడు. ‘బావగారూ, రండి, మీ బ్రాండే తెప్పించాను’ అన్నాడు. నా బ్రాండ్ ఆయనకి గుర్తుంది చూడండి. మా పిల్లలు ఏం చదువుతున్నారో మాత్రం ఆ రోజు పొద్దున్న కూడా అడిగాడు. (నవ్వులు) పాపం, మంచివాడండి. ప్రేమతోనే తెప్పించాడు.

నేనేమన్నాను? ‘వద్దులే బావా’ అన్నాను. ‘మొహమాటం ఎందుకండీ’ అన్నాడు. ‘కడుపులో బాగోలేదు, మాత్రలు వాడుతున్నాను’ అన్నాను. ‘ఎన్నాళ్ల కోర్సు?’ అన్నాడు. ఐదు రోజులన్నాను. ఎప్పుడు మొదలెట్టారంటే, నోట్లో ఏదొస్తే అది చెప్పాను. వేళ్ల మీద లెక్కేసి, ‘అయితే కనుమకి ఖాళీ అయిపోతారన్నమాట’ అన్నాడు.

అబద్ధానికి ఎక్స్‌పైరీ డేట్ ఉంటుందండి. నేను ఆ డేటు నా నోటితోనే చెప్పి కూర్చున్నాను.

కనుమ మధ్యాహ్నం మినపగారెలు, నాటుకోడి పులుసు తిని అరుగు మీద కూర్చున్నాం. తోడల్లుడు బీరు సీసా పట్టుకొచ్చాడు. బీరు మందు కాదన్నాడు. కోర్సు కూడా అయిపోయింది కదా. ఒక్క బీరు. తాగాను. ఆ రోజు ఏమీ కాలేదు, అదే దరిద్రం. ఏమీ కాలేదు కాబట్టి మర్నాడు ముక్కనుమకి రెండు. ఇంటికి తిరిగొచ్చాక క్వార్టరు. మార్చి దాకా ఆగలేదు. ఆ రెండు నెలల్లో ఏం జరిగిందో చెబితే ఈ సభ పాడవుతుంది. మా ఆవిడ ఇక్కడే ఉంది, ఆవిడకి తెలుసు.

ఒక్క బీరు రెండు నెలలు ఎలా అయిందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. అమెరికాలో అలన్ మార్లాట్ అని ఒక సైకాలజిస్టు, మానేసినవాళ్లు మళ్లీ ఎలా పడతారన్నదాని మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేశాడు. కాలు జారడం వేరు, పడిపోవడం వేరు అంటాడాయన. జారినవాణ్ణి పడేసేది చాలాసార్లు ఆ గ్లాసులో ఉన్న మందు కాదట, తాగాక మనసులో వచ్చే ఆలోచనట. ఇంత కష్టపడ్డదీ పోయింది, నేను ఇంతే, నావల్ల కాదు, అన్న ఆలోచన. దానికి ఇంగ్లీషులో పెద్ద పేరు పెట్టారు. మన అమ్మమ్మలు నాలుగు మాటల్లో చెప్పేశారు: నిండా మునిగినవాడికి చలేంటి. నేను మునిగింది మోకాలు దాకానే. నిండా మునిగాననుకుని మిగతాది నేనే మునిగాను.

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకాయన డాక్టర్ బాబ్, ఆపరేషన్లు చేసే డాక్టరు. రెండో ఆయన న్యూయార్క్ వ్యాపారి బిల్. 1935 మే నెలలో ఆయన పని మీద అమెరికాలోనే ఏక్రన్ అనే ఊరు వెళ్లాడు. తాగుడు మానేసి కొన్ని నెలలే. పని చెడింది, జేబులో డబ్బు అంతంతమాత్రం, ఊరు కొత్త. హోటల్ లాబీలో ఒక పక్క బారు, అందులోంచి నవ్వులు వినబడుతున్నాయి. ఇంకో పక్క ఫోను. తనలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే మాట్లాడాలని ఆ ఫోను దగ్గరికి వెళ్లి, చర్చివాళ్లకి వరసగా చేశాడు. అలా డాక్టర్ బాబ్‌ని కలిశాడు. ఇది ఏఏలో అందరూ చెప్పుకునే కథే. తర్వాత జరిగింది తక్కువ చెప్పుకుంటారు. బాబ్ కొన్ని వారాలు తాగకుండా ఉన్నాడు. డాక్టర్ల మహాసభ ఉందని రైలెక్కి వేరే ఊరు వెళ్లాడు. ఇల్లు కాని చోటు. వెళ్లినవాడు తాగి వచ్చాడు. బిల్ ఆయన్ని తిట్టలేదు, వదల్లేదు, పక్కనే కూర్చున్నాడు. ఏఏ లెక్క ప్రకారం జూన్ 10న బాబ్ తాగింది ఆఖరిది. ఏఏ పుట్టినరోజు కింద లెక్కేసేది ఆ తేదీనే. అంటే, ఒకాయన ఊరెళ్లి కాలు జారి తిరిగొచ్చాకే మన పుట్టినరోజు వచ్చింది. నా మొదటి సంక్రాంతి తర్వాత ఈ కథ నాకు ఎవరైనా చెప్పుంటే ఆ రెండు నెలలు రెండు రోజులయ్యేవేమో.

సరే, మళ్లీ మేడ మీదికి వద్దాం. అక్కడ నేను చేసిన తప్పేంటి?

మన వైపు ‘వద్దండి’ అనే మాట వినపడదండి. గారె వడ్డిస్తుంటే ఏం చేస్తాం? వద్దు వద్దంటూనే ఆకు కొంచెం ముందుకి జరుపుతాం. వడ్డించేవాళ్లకి ఆ వద్దు ఎంతవరకో తెలుసు. మూడుసార్లు వద్దనాలి, మూడుసార్లు బలవంతం చెయ్యాలి, అది పద్ధతి. ఒక్కసారి అడిగి ఊరుకుంటే ‘వాళ్లింట్లో మర్యాద తెలీదు’ అంటాం. కాబట్టి మీరు గ్లాసు ముందు వద్దండి అన్నప్పుడు మీ బావమరిది దాన్ని కాదు అని వినడు. ఇంకోసారి అడగండి అని వింటాడు. ఆయన తప్పు కాదది, మనం నేర్పిందే.

‘మానేద్దామనుకుంటున్నాను’ అన్నా అంతే. పండగయ్యాక మానేద్దురు లెండి అంటారు. ‘తగ్గించాను’ అన్నారా, సరే ఒక్కటే పోస్తానంటారు. ‘డాక్టర్ వద్దన్నాడు’ అంటే ఆ డాక్టరు కూడా తాగుతాడంటారు. ఇవన్నీ నేను అని చూసినవే.

అదే ‘షుగర్ ఉందండి’ అనండి. వంటింట్లోంచి చక్కెర లేని టీ వేరే గ్లాసులో వస్తుంది. ఎవరూ ‘ఒక్క స్పూనుకి ఏమవుతుందండీ’ అనరు. అక్కడ మర్యాద అంటే వెయ్యకపోవడం. మన విషయంలో ఆ మర్యాద ఇంకా పుట్టలేదు. మనమే నేర్పించుకోవాలి.

నేను రెండో ఏడు నుంచి ఒకటే మాట అంటున్నాను. ‘నేను తాగను.’ తెలుగులో ఈ మాట భలే ఉందండి. తాగను అంటే నాకు అలవాటు లేదనీ అర్థమే, ఇకముందు తాగననీ అర్థమే. ఒక్క మాటలో రెండూ అయిపోతాయి. కారణం అడిగితే ‘నాకు పడదు, మానేశాను’ అంటాను. కారణాలు ఎక్కువ చెబితే బేరం మొదలవుతుంది. చెప్పి, అక్కడే నిలబడకుండా వేరే సంగతి ఎత్తుతాను. వరి ఎంత పండింది, రొయ్యల రేటెంత? భీమవరం పక్కన రొయ్యల రేటు అడిగితే ఇంక గ్లాసు సంగతి ఎవరికీ గుర్తుండదు. (నవ్వులు)

ఇంకోటి, ఈ మాట మేడ మీద చెప్పకూడదు. ముందే చెప్పాలి. ఇవాళ రేపట్లో మీ బావమరిదికో, తమ్ముడికో, ఎవరైతే పోస్తారో ఆయనకే ఫోన్ చెయ్యండి. ‘ఒరేయ్, నేను తాగనురా. నలుగురిలో నన్ను ఎవరూ అడక్కుండా నువ్వు చూసుకోవాలి’ అనండి. పోసేవాడికే కాపలా అప్పజెప్పండి. మా బావమరిదికి రెండో ఏడు నేనలాగే చేశాను. ఆ ఏడు కొత్తల్లుడు నా వైపు గ్లాసు జరిపితే, నాకంటే ముందు వాడే ‘మా బావగారు తీసుకోరండి’ అన్నాడు. మొదటి ఏడు మీ బ్రాండే తెప్పించానన్నవాడే. మనిషి మారలేదు, మర్యాద చేసే దారి దొరికిందంతే.

ఎంత చెప్పినా వదలకుండా బతిమాలేవాడు ఒకడు ప్రతి ఇంట్లో ఉంటాడు. నేను గమనించిందేంటంటే, ఎక్కువ బలవంతపెట్టేవాడికి తన తాగుడు మీద తనకే అనుమానం ఉంటుంది. హాయిగా ఒకటి తాగి పడుకునేవాడు మన గ్లాసు చూడడు. వాడి మీద కోపం తెచ్చుకోకండి. అలాంటి తోడల్లుడు ఒకాయన మూడేళ్ల తర్వాత ఒక రాత్రి నాకే ఫోన్ చేశాడు. ఇవాళ ఆయన ఎక్కడ కూర్చున్నాడో చెప్పను. (నవ్వులు)

ఇక పండగ నాలుగు రోజులూ ఎలా గడపాలి అంటే, నా పద్ధతి చెబుతాను, మీకు సరిపడింది తీసుకోండి. నేను వంటింట్లో ఉంటానండి. ఆ ఇంట్లో గ్లాసులు రాని గది అదొక్కటే. కనుమ నాడు గారెల మూకుడు దగ్గర మా అత్తయ్యగారి పక్కన పీట వేసుకుంటాను. మొదటి ఏడు నేను వేసిన గారెలకి చిల్లు ఒక పక్కకి పోయేది. ఇప్పుడు నా గారె చూసి ఎవరూ పేరు పెట్టలేరు. చెయ్యి పిండితో ఉంటే గ్లాసు ఎవడూ ఇవ్వడు, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

కోరిక రాదా అంటే వస్తుంది. వస్తే ఉండిపోతుందనుకుంటాం, అదే భయం. అది అల లాంటిది, లేచి, నెత్తి మీదికొచ్చి, విరిగిపోతుంది. చాలామందికి అరగంటలోపే తగ్గుతుంది. ఆ అరగంట ఏం చేస్తామన్నదే. చెరువు గట్టు దాకా నడిచి రండి, పిల్లల గాలిపటం ఎగరెయ్యండి, మీటింగులో ఎవరికైనా ఫోన్ చెయ్యండి. ఆకలితో ఉన్నప్పుడు, కోపంగా ఉన్నప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు, అలిసిపోయినప్పుడు అల పెద్దదిగా ఉంటుంది. భోగి నాడు వీటిలో మూడు ఒకేసారి వస్తాయి చూడండి. రాత్రంతా బస్సు, తెల్లారకుండా మంటల దగ్గర, పూజయ్యేదాకా ఖాళీ కడుపు, పదింటికి అన్నదమ్ముల మధ్య పొలం గట్టు పంచాయితీ. ముందు ఏదైనా తినండి. దేవుడేమీ అనుకోడు.

కోడిపందాల బరికి వెళ్లొద్దు. చట్టప్రకారం అది నేరమే, అయినా మూడు రోజులూ షామియానాలు లేస్తూనే ఉంటాయి, మనకి తెలియందేముంది. నేను చెప్పేది వేరే. అక్కడ గెలిస్తే సంబరానికి తాగాలి, ఓడితే బాధకి తాగాలి. మూడో దారి నేను చూడలేదు. బండి తాళం మీ జేబులోనే ఉంచుకోండి. ఇంకొకరి కారులో వెళ్తే వాళ్ల సిట్టింగు అయ్యేదాకా మీరు అక్కడే ఉండాలి. మీరు తాగే మజ్జిగో, కొబ్బరినీళ్లో మీ చేతుల్తో పోసుకోండి, పక్కన పెట్టి వెళ్లిన కూల్‌డ్రింక్ మళ్లీ ముట్టొద్దు. సరదాకి కలిపేవాళ్లుంటారు. ఆల్కహాల్ లేని బీరు వచ్చింది కదా అని ఒక తమ్ముడు అడిగాడు ఇందాక. దాంట్లోనూ కొన్నింట్లో కాస్త ఉంటుంది. అదలా ఉంచితే, ఆ సీసా, ఆ నురగ, ఆ చేదు, అన్నీ పాత రోడ్డులో మైలురాళ్లే కదా. నేను ఆ రోడ్డు ఎక్కను.

ఇప్పుడు ఆడవాళ్లకి రెండు మాటలు. ఇది కొంచెం సీరియస్‌గా వినాలి.

అన్నంలో, పాలలో తెలియకుండా కలిపి తాగుడు మాన్పించే మందు అని కొందరు అమ్ముతుంటారు. అలా కలిపేవాటిలో డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉండొచ్చు. అది వేసుకున్నవాడు తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఆఖరి మాత్ర వేసుకున్న రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. తెలిసి, డాక్టర్ పర్యవేక్షణలో వాడేవాళ్లకి అది పనికొస్తుంది. తెలియకుండా పెడితే, పండక్కి ఆయన బయట ఒక పెగ్గు వేసుకుంటే, ఆ రాత్రి మీరు ఆసుపత్రి వరండాలో ఉంటారు. దయచేసి పెట్టొద్దు. ఆ మాత్ర తెలిసి వాడుతున్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. పండగ తిండికి అరగలేదని అత్తగారు ఏ అరిష్టమో ఇస్తారు. అరిష్టాలు పులియబెట్టి చేస్తారు, అందులో ఆల్కహాల్ తనంతట తనే పుడుతుంది. కొన్ని దగ్గు సిరప్పుల్లోనూ ఉంటుంది. సీసా మీద చదివి వాడండి. కోరికని తగ్గించే మాత్రలు వేరే ఉన్నాయి, నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటివి. మీకు సరిపడతాయో లేదో డాక్టర్‌ని అడగండి. ఏ మాత్రలైనా సరే, ఊరికి బట్టలు సర్దేటప్పుడే సర్దండి. నాలుగు రోజులు మానేస్తే ఏమవుతుందిలే అనుకోవద్దు.

ఇంకా తాగుతున్నవాళ్లు ఎవరైనా ఇక్కడ ఉంటే, ‘భోగి మంటలో సీసా పడేసి ఆ రోజే మానేస్తాను’ అని ఒట్టు పెట్టుకోకండి. రోజూ గట్టిగా తాగే ఒళ్లు ఒక్కసారిగా ఆపితే ఊరుకోదు. చేతులు వణుకుతాయి, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మనిషి తెలియకుండా మాట్లాడటం, లేనివి కనబడటం జరగొచ్చు. దెయ్యం పట్టిందని తాయెత్తు కట్టించినవాళ్లు నాకు తెలుసు. అది దెయ్యం కాదు, ఎమర్జెన్సీ. మానడం డాక్టర్ దగ్గర మొదలుపెట్టండి. 14446కి చేస్తే మద్యం, డ్రగ్స్ మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్. 14416 అంటే టెలి మానస్, మనసు బాగోనప్పుడు మాట్లాడటానికి. రెండూ ఉచితమే. ఫోన్లో ఇప్పుడే ఎక్కించుకోండి, నేను ఆగుతాను.

మానేసినాయన ఇంటికి రాగానే నోరు వాసన చూడకండమ్మా. నలుగురిలో ‘మా ఆయన ఇప్పుడు చాలా మంచోడైపోయాడండీ’ అని కూడా అనకండి. ప్రేమగానే అంటారు, ఆయనకి మాత్రం కూర్చోబెట్టి సన్మానం చేసి శాలువా కింద సూది పెట్టినట్టుంటుంది. వచ్చినవాళ్లకోసమని బీరువాలో సీసా దాచకండి. ఒకవేళ జారాడనుకోండి, ఆ రాత్రి ఏమీ అనకండి, తాగినవాడితో తగువు గెలిచినవాళ్లు లేరు. మర్నాడు పొద్దున ఫోన్ మాత్రం చేయించండి, మీటింగుకైనా, డాక్టర్‌కైనా.

నేను తాగడం మొదలుపెట్టిందే నిషేధం ఉన్నప్పుడు. దూబగుంట రోశమ్మగారూ, నెల్లూరు జిల్లా ఆడవాళ్లూ 1992లో సారా మీద లేచారు. 1993 అక్టోబర్‌లో సారా ఆగింది, 1995 జనవరి నుంచి మొత్తం మద్యమే ఆగింది. అప్పుడు కుర్రాళ్లం మేమేం చేశాం? యానాం వెళ్లాం. అది పుదుచ్చేరిది కదా, అక్కడ మన చట్టం లేదు. సంక్రాంతి సెలవులకి బస్సెక్కి వెళ్లి తాగి వచ్చాం. 1997లో ఇక్కడ నిషేధం ఎత్తేసేనాటికి నాకు అలవాటు గట్టిపడిపోయింది. ఆ ఆడవాళ్లు చేసింది చిన్నదని అనట్లేదు, వాళ్ల వల్ల ఎన్ని ఇళ్లలో అన్నం ఉడికిందో. కాకపోతే షాపు మూతపడితే తాగుడు ఆగిపోతుందని ఇప్పటికీ అనుకునేవాళ్లకి చెబుతున్నాను, నా యానాం బస్సు నాలోనే ఉంది.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండమ్మా.

(సభలోంచి ఒక మహిళ: మా ఇంట్లో పోసేది మా మావగారేనండి. కొడుకు వచ్చాడని ఆయనే తెప్పిస్తారు. పెద్దాయన్ని ఏమనగలం?)

మీరు అనకండమ్మా, కోడలు అంటే గొడవ వేరేచోటికి పోతుంది. మీ ఆయన్నే ఊరు వెళ్లకముందు నాన్నతో ఒక్కణ్నే మాట్లాడమనండి. పండగ రోజు కాదు, ఈ వారంలోనే. ‘నాన్నా, నాకు తాగితే ఆగదు. నువ్వు పోస్తే కాదనలేను, అందుకే నువ్వు పోయొద్దు’ అని. ఆ రెండో వాక్యం ముఖ్యం. పెద్దాయనకి తన మాట కొడుకు దగ్గర ఎంత చెల్లుతుందో అందులో ఉంది. అయినా వినరనుకోండి, ఈ ఏడు పండక్కి మీ పుట్టింటికి వెళ్లండి, లేదా సంక్రాంతి పొద్దున వెళ్లి భోంచేసి, కాళ్లకి దణ్ణం పెట్టి, సాయంత్రానికి వచ్చెయ్యండి. రాత్రి ఉండకపోతే మేడ ఎక్కక్కర్లేదు. చుట్టాలు నాలుగు మాటలంటారు. అననివ్వండి, వచ్చే ఏడు మరిచిపోతారు.

పండక్కి పిలుపు రానివాళ్లు కూడా ఇక్కడ ఉన్నారని నాకు తెలుసు. తాగి చేసినవాటికి పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ ఇంకా తలుపు తియ్యనివాళ్లు. ఊరంతా కళకళలాడుతుంటే గదిలో ఒక్కరే ఉండటం మేడ మీద గ్లాసుకంటే కష్టం. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ సాయంత్రం ఆరింటికి ఇదే హాల్లో మీటింగు ఉంటుంది. భోజనం కూడా ఇక్కడే. తాళం దగ్గర ఉండే ఇద్దరి పేర్లూ బయట బోర్డు మీద రాశాం.

నా నంబరు మీ చాలామంది దగ్గర ఉంది, లేనివాళ్లు వెళ్లేటప్పుడు తీసుకోండి. ఏ టైమైనా చెయ్యండి. కనుమ నాడు మాత్రం పదకొండు నుంచి ఒంటిగంట దాకా నా చేతులు పిండిలో ఉంటాయి, మొదటిసారి ఎత్తకపోతే రెండోసారి చెయ్యండి. ఫోను మా అత్తయ్యగారు ఎత్తుతారు. ఆవిడకి అంతా తెలుసు, ‘ఆగు బాబూ, చెయ్యి కడుక్కుంటున్నాడు’ అంటుంది.